రెండున్నరా, ఆరున్నరా?



నిరుడు మాఘమాసం ముహూర్తాలు ఇంకో మూడు వారాలున్నాయనగా మా బ్యాండుకు ఒక పెద్ద చెక్కపెట్టె వచ్చింది. దుర్గ్ స్టేషన్లో పార్సిలు విడిపించుకుని, ఆటోలో అడ్డంగా పెట్టి, మా వాళ్లలో ఇద్దరు చెరోవైపు పట్టుకుని కూర్చుంటే భిలాయి చేరింది. పెట్టెలో ఉన్నది టూబా. పెళ్లి ఊరేగింపులో ట్రంపెట్లూ క్లారినెట్లూ ముందు నడుస్తుంటే వెనకాల పెద్ద గంట మూతి ఉన్న గొట్టాన్ని కౌగిలించుకుని భూం భూం అంటూ ఒకడు నడుస్తాడు చూశారా, అదన్నమాట. మేం దాన్ని బేసు అంటాం. దాన్ని ఊదేవాణ్ని పెళ్లివాళ్లెవరూ గుర్తు పెట్టుకోరు. ఇరవయ్యేళ్లుగా ఆ గుర్తుండనివాణ్ని నేనే.

మా పాత బేసు శ్రుతి ఈ ఫ్లాట్. హార్మోనియం మెట్ల లెక్కలో రెండున్నర. దానికి మీటలు అరిగి, అతుకుల దగ్గర గాలి కారుతుంటే, మా బ్యాండు మాస్టారు అలాంటిదే ఇంకోటి, వాడినదైనా సరే, తెప్పిద్దామన్నారు. అమ్మేవాడికి ఫోన్లో రెండుసార్లు చెప్పాం, ఈ ఫ్లాట్ కావాలని. వాడూ రెండుసార్లు సరేనన్నాడు. పెట్టె విప్పి, పాత బట్టలూ గడ్డీ తీసి చూస్తే గొట్టం లావుగా ఉంది, గంట వెడల్పుగా ఉంది, ఒంటిచేత్తో లేవలేదు. అప్పుడే అనుమానం వేసింది. మౌత్‌పీస్ పెట్టి ఏ మీటా నొక్కకుండా ఊదాను. మాస్టారు హార్మోనియం మీద వెతికారు. ఆరున్నర పలికింది. బీ ఫ్లాట్.

వెనక్కి పంపించేద్దామా, ఉంచుకుని నేర్చుకుందామా? ఇదే ప్రశ్న. వినడానికి చిన్నదే. దాని చుట్టూ మూడు నెలలు తిరిగాను కాబట్టి ఈ పూట మీతో కాసేపు దాని సంగతే మాట్లాడతాను.

ముందు ఈ రెండున్నరా ఆరున్నరా ఏమిటో ఒక మాట. హార్మోనియం మీద తెల్లమెట్లు ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. నల్లవి ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మన గాయకులు 'నాది నాలుగో శ్రుతి' అంటారే, అదే లెక్క. దొరల పేర్లలో సి అంటే ఒకటి, ఎఫ్ అంటే నాలుగు. లోకంలో టూబాలు ముఖ్యంగా నాలుగు శ్రుతుల్లో దొరుకుతాయి. ఒకటి, రెండున్నర, నాలుగు, ఆరున్నర. వీటిలో పెద్దది ఆరున్నర. దాని గొట్టాన్ని చుట్టలు విప్పి సాగదీస్తే సుమారు 18 అడుగులు. రెండున్నరది 13 అడుగులు. మొత్తం పొడుగుతో పలికే అట్టడుగు స్వరం ఆరున్నరదానికి సెకనుకు 29 కంపనాలు, రెండున్నరదానికి 39. పొడుగు పెరిగితే గొంతు దిగుతుంది.

పొడుగు సంగతి మా ఇంట్లో కొత్తది కాదు. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడి స్టీల్ ప్లాంటులో పట్టాలు తయారుచేసే రైలు మిల్లులో చేరాడు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు విశాఖ వైపు నుంచి వచ్చే ప్రతి రైలూ మా వాళ్లను దింపుతూనే ఉందనేవాడు. ఆ రోజుల్లో రైలు పట్టా 13 మీటర్లుండేది. ఎర్రగా కాలుతున్న పట్టాను రంపం కోసేటప్పుడు వచ్చే కేక నాన్న చెవుల్లో ముసలితనం దాకా ఉంది. పట్టా చల్లారితే కుంచించుకుపోతుంది గనక వేడి మీద ఒక శాతానికి పైగా ఎక్కువ పెట్టి కోయాలి. 13 మీటర్లకు జానెడుకు కాస్త తక్కువ. 'వేడి మీద కొలిచినోడిది ఒక లెక్క, చల్లారినాక కొలిచినోడిది ఇంకో లెక్క, ఇద్దరూ కొట్టుకోకూడదురా' అనేవాడు. ఇప్పుడదే ప్లాంటులో 130 మీటర్ల పట్టా ఒకే ముక్కగా వస్తుంది. రెండు కలిపి అతికితే 260. నాన్న చూసి ఉంటే 'ఏట్రా ఇది, పామా' అనేవాడు.

కొత్త బేసుతో మొదటి రోజు ఏమైందో చెబుతాను. అలవాటైన వేళ్లతోనే అలవాటైన పాట ఎత్తుకున్నాను. స అని నొక్కితే మంద్ర ప పలికింది. తమాషా ఏమిటంటే మొదటి నాలుగు దరువుల దాకా ఎవరూ గమనించలేదు. బేసు స వాయించే చోట ప వాయిస్తే అంత వికారంగా ఉండదు, ఆ రెండూ చుట్టాలే కదా. తర్వాత ప దగ్గరికి వెళ్లాను. అది రి అని పలికింది. ట్రంపెట్టు వాయించే కుర్రాడు ఊదడం ఆపి నా మొహం చూశాడు. మ నొక్కితే స వచ్చింది. మొత్తం సంసారం మూడు స్వరాలు కిందికి దిగిపోయింది. సంగీతం చదువుకున్నవాళ్లు గ్రహభేదం అంటారే, ఇది దాని మేనత్త కొడుకు. వేళ్ల భేదం.

అంటే లెక్క ఇది. స కావాలంటే మ నొక్కాలి. ప కావాలంటే పై స నొక్కాలి. రి కావాలంటే ప. కాగితం మీద రాసుకుంటే అరపేజీ పట్టదు. పదేళ్ల పిల్లవాడు పావుగంటలో అప్పజెప్పేస్తాడు. నాకూ పావుగంటే పట్టింది, అప్పజెప్పడానికి.

ఇలాంటి చిక్కు లోకంలో నాకొక్కడికే వచ్చిందనుకున్నాను. చూస్తే టూబా పుట్టిన రోజు నుంచీ ఉంది. 1835 సెప్టెంబరు 12న బెర్లిన్‌లో వీప్రెహ్ట్ అనే బ్యాండు పెద్ద, మోరిట్స్ అనే వాద్యాల తయారీదారు కలిసి దీనికి పేటెంటు తీసుకున్నారు. ఆ మొదటిదాని శ్రుతి నాలుగు. తర్వాత ఏ దేశానికి వెళ్తే ఆ దేశం తన శ్రుతి అంటగట్టింది. జర్మన్లు నాలుగూ ఆరున్నరా దగ్గర పెట్టుకుంటారు. ఇంగ్లండులో రెండున్నర మీద ప్రేమ ఎక్కువ. అమెరికా ఆర్కెస్ట్రాల్లో ఒకటి. చికాగో సింఫనీలో 1944 నుంచి 1988 దాకా కూర్చున్న ఆర్నాల్డ్ జేకబ్స్ వాయించిన యార్క్ టూబా ఒకటో శ్రుతిది, దాన్ని చూసి నకళ్లు చేసిన కంపెనీలు ఎన్నో. ఇక భిలాయికి ఉక్కు విద్య నేర్పిన రష్యావాళ్లు ఆరున్నరే వాయిస్తారు. మా మాస్టారు ఇది వినగానే 'అయితే ఈ ఊరికి ఆరున్నరే న్యాయం' అన్నారు. ఆయనకు న్యాయం కంటే పార్సిలు ఖర్చు మీద ఎక్కువ దృష్టి.

నాకు నచ్చిన తెలివి ఒకటి ఇంగ్లండు బ్రాస్ బ్యాండ్లలో ఉంది. ఆర్కెస్ట్రాలో టూబా కాగితం ఒక్కటే. వాద్యం శ్రుతి మారితే కాగితం మారదు, వేళ్లు మార్చుకోవాలి. బ్రాస్ బ్యాండులో అలా కాదు. బొగ్గుగని కార్మికులూ మిల్లు కార్మికులూ సాయంత్రం వచ్చి వాయించే బ్యాండ్లు అవి. ఇవాళ కార్నెట్ వాయించినవాడు రేపు బేసు పట్టుకోవాల్సి రావచ్చు. అందుకని రెండున్నర బేసుకు వేరే కాగితం, ఆరున్నరకు వేరే కాగితం రాస్తారు. ఏ వాద్యం తీసుకున్నా కాగితం మీద చుక్క ఒకటే, వేళ్లు అవే. శ్రుతి మార్చే బరువు రాసేవాడి మీద పడుతుంది, వాయించేవాడి మీద కాదు. షిఫ్టు దిగి వచ్చినవాడికి ఇంకో లెక్క నేర్చుకునే ఓపిక ఎక్కడిది? ఈ ఏర్పాటు చేసినవాడెవడో గాని వాడికి కార్మికుల సంగతి తెలుసు.

మరి మాకు? మాకు కాగితమే లేదు. చెవి విన్నది, వేళ్లు పట్టుకున్నది. అంతే.

కాగితం లేని సంగీతంలో శ్రుతి మారిస్తే ఏమవుతుందో మన నాదస్వరం వాళ్లకు తెలుసు. ఇక్కడ సెక్టార్ 5 బాలాజీ గుడిలో కల్యాణానికి ఒకసారి గుంటూరు వైపు నుంచి నాదస్వర విద్వాంసులొకరు వచ్చారు. భోజనాల దగ్గర పక్కన కూర్చుని నా గోడు చెప్పుకున్నాను. ఆయన నవ్వి, 'మాది మీకంటే సుఖమూ, మీకంటే కష్టమూ బాబూ' అన్నారు.

సుఖమేమిటంటే వేళ్లు మారవు. నాదస్వరం పొట్టిదైనా పొడుగుదైనా స దగ్గర మూసే రంధ్రాలు అవే. పొట్టిదాన్ని తిమిరి అంటారు, నాలుగూ ఐదూ శ్రుతుల్లో కణకణమంటుంది. పొడుగుది బారీ, రెండూ రెండున్నర దగ్గర నిండుగా పలుకుతుంది. వెనకటి రోజుల్లో ఊరేగింపుల్లో, మైకు లేని గుళ్లలో, మూడు వీధుల అవతలికి వినపడాలి గనక తిమిరిదే రాజ్యం. దాన్ని మార్చింది తమిళదేశంలో తిరువావడుతురై రాజరత్నం పిళ్లె గారు. బారీ చేతికి తీసుకున్నారు. నరసింగంపేటలో రంగనాథన్ ఆచారి ఆయన కోసం చెక్కిన నాదస్వరంలో శుద్ధమధ్యమం కుదురుగా పలికింది. శ్రుతి పట్టే ఒత్తుకు బదులు తంబురా పెట్టుకున్నారు. ఊరేగింపు వాద్యం కచేరీ వేదిక మీద కూర్చుంది. మన ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా గారు ఆ వాదనానికి ముగ్ధులై, తంజావూరు బాణీ నేర్చుకోవడానికి అటు వెళ్లి, చివరికి శ్రీరంగంలోనే స్థిరపడిపోయారు. ఒక మనిషి వాద్యం పొడుగు పెంచితే ఇంకో మనిషి ఊరే మారిపోయింది.

కష్టమేమిటంటే బారీలో రంధ్రాల మధ్య ఎడం ఎక్కువ. వేళ్లు చాపాలి. పీక మారాలి, ఊపిరి మారాలి. తిమిరి మీద పరుగెత్తిన సంగతులు బారీ మీద అదే పరుగున రావు. అందుకే రాగాన్ని నింపాదిగా పరిచే పద్ధతి దానికి బాగా నప్పిందని ఆయన అన్నారు. 'మీకు వేళ్లు మారాలి, మాకు మనసు నిదానించాలి' అని పెరుగన్నం కలుపుకున్నారు. అది వినడానికి బాగుంది గాని, నాకు వెంటనే ఉపయోగపడలేదు. నా బాధ వేళ్లదే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కాస్త లెక్కలున్నాయి, ఓపిక పట్టండి. శ్రుతి మారిస్తే అపశ్రుతి పోతుందా? ఈ ప్రశ్నలో మూడు నెలల్లో రెండు నెలలు గడిచాయి.

టూబాకు మా దగ్గర మూడు మీటలు. ఒక్కో మీట నొక్కితే గాలి ఒక్కో అదనపు చుట్టలోంచి తిరిగి వస్తుంది, గొట్టం పొడుగు పెరుగుతుంది. రెండో మీట వందకు ఆరు పాళ్లు కలుపుతుంది, అర శ్రుతి దిగుతుంది. ఒకటోది పన్నెండు పాళ్లు. మూడోది సుమారు పందొమ్మిది. విడివిడిగా అన్నీ సరిగానే ఉంటాయి. కలిపి నొక్కితేనే తగువు. ఒకటీ మూడూ కలిపితే ముప్పై ఒక్క పాళ్లు పెరుగుతుంది, కాని ఆ స్వరానికి కావలసింది ముప్పై మూడున్నర. మూడూ కలిపి నొక్కితే ముప్పై ఏడు, కావలసింది నలభై ఒకటికి పైన. ఎందుకీ లోటు? మీటలు బారువడ్డీ లెక్కన కలుపుతాయి, చెవి చక్రవడ్డీ అడుగుతుంది. ఒక మీటతో ఇప్పటికే పొడుగైన గొట్టానికి ఇంకో మీట ఇంకాస్త ఎక్కువ కలపాలి. దానికా సంగతి తెలియదు, ముందనుకున్నంతే కలుపుతుంది. అందుకని ఆ స్వరాలు రవ్వంత హెచ్చుగా, పుల్లగా పలుకుతాయి. 13 అడుగుల గొట్టంలో ఒకటీ మూడూ దగ్గర లోటు నాలుగు అంగుళాలకు కొంచెం తక్కువ. 18 అడుగులదాంట్లో అయిదు అంగుళాలు దాటుతుంది. దీనికి మందు కనిపెట్టారు, నాలుగో మీట ఒకటి. 1874లో లండన్‌లో బ్లైక్లీ అనే ఆయన, మీటలు కలిపినప్పుడు ఆ చక్రవడ్డీ తానే చెల్లించే చిన్న చుట్టలు అమర్చాడు. అవి ఖరీదైన వాద్యాలు. మా పెళ్లిబ్యాండు వరకు రాలేదు.

ఇక ఎక్కడ పుల్లగా ఉందన్నది చూడండి. పాత రెండున్నర మీద ఒకటీ మూడూ కలిపి నొక్కాల్సింది నాలుగో మెట్టు దగ్గర, కింది ఆరున్నర మెట్టు దగ్గర. మా బ్యాండులో ట్రంపెట్లు ఆరున్నర, క్లారినెట్లు ఆరున్నర, యుఫోనియం ఆరున్నర. వాళ్లకు హాయిగా ఉండే చోటే పాట ఎత్తుకుంటారు. ఆరున్నర స అయితే నాలుగు ప అవుతుంది. అంటే పాటలో నేను ఎక్కువసేపు నిలబడాల్సిన స, ప రెండూ నా వాద్యంలో పుల్లటి స్వరాలే! ఇరవయ్యేళ్లుగా పెదవి వదులు చేసి వాటిని కిందికి లాగుతూ వచ్చానన్నమాట. అదేదో బేసు వాయించడంలో సహజంగా ఉండే ఇబ్బంది అనుకున్నాను. కొత్త ఆరున్నర మీద ఆ రెండూ ఏ మీటా నొక్కకుండా, ఖాళీ గొట్టంతో పలుకుతాయి. నిండుగా, తేనెలాగా. ఆ పూట ఇంటికొచ్చి మా ఆవిడతో, వాడు పొరపాటున సరైనదే పంపాడని చెప్పాను. 'అయితే డబ్బు పూర్తిగా ఇచ్చేస్తారా ఏంటి?' అంది.

తేలిపోయిందనుకున్నాను. వారం తిరక్కుండా లెక్క తిరగబడింది.

ఈమధ్య పెళ్లిబ్యాండంటే ఊదేవాళ్లు మాత్రమే కాదు. చక్రాల బండి మీద స్పీకర్లు, కీబోర్డు, మైకు పట్టుకుని ఒక గాయని. దుర్గ్, రాయపూర్ వైపు ధుమాల్ పార్టీల మోత వచ్చాక మాబోటి బ్యాండ్లు బండి లేకుండా బతకలేవు. కీబోర్డు కుర్రాడికి తెల్లమెట్లంటే ఇష్టం. పాట ఒకటో మెట్టున ఎత్తుకుంటాడు. ఒకటో మెట్టు స అయితే కొత్త బేసు మీద అదే ఒకటీ మూడూ కలిపి నొక్కే స్వరం. ఖర్మ. పాతదాని మీద దానికి ఒకటీ రెండూ చాలు, లోటు కనపడనంత. అంటే బండి లేని పెళ్లికి కొత్తది, బండి ఉన్న పెళ్లికి పాతది. పులుపు పోలేదు. ఒక జేబులోంచి ఇంకో జేబులోకి వెళ్లింది.

ఈ గోలంతా ఆ కుర్రాడికి వివరించాను. సాంతం విని, 'అంకుల్, దీనికింత టెన్షనా? ట్రాన్స్‌పోజ్ నొక్కేస్తా' అన్నాడు. ఒక బొత్తం. నొక్కితే వాడి వేళ్లు తెల్లమెట్ల మీదే ఆడతాయి, శబ్దం ఆరున్నరలో వస్తుంది. నేను మూడు వారాలుగా మామిడిచెట్టు కింద కూర్చుని చేస్తున్న సాధన వాడు గోరుతో చేసేశాడు. కోపం రాలేదని చెబితే అబద్ధమవుతుంది.

కాని శ్రుతి తేల్చేది వాడూ కాదు, నేనూ కాదు. పాడే మనిషి గొంతు. ఇక్కడికి దగ్గర్లోనే గనియారీ అని ఊరుంది. పండవానీ గాయని తీజన్ బాయి గారు అక్కడివారు. మా స్టీల్ ప్లాంటులోనే ఉద్యోగం చేసిన మనిషి, 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఆడవాళ్లు కూర్చుని పాడే పద్ధతే నడుస్తున్న రోజుల్లో లేచి నిలబడి, తంబురానే గదగా విల్లుగా తిప్పుతూ భారతం చెప్పారు. ఆవిడ గొంతు ఎక్కడ నిలబడితే హార్మోనియం అక్కడికి వెళ్లాల్సిందే. హార్మోనియంకు హాయిగా ఉంది గదా అని భీముడు అర శ్రుతి దిగడు. మా గాయని ఐదున్నర అంది. ఐదున్నరకు ప ఏదో తెలుసా? రెండున్నర. నా పాత బేసు ఖాళీ గొట్టం.

దీనికి తోడు ఎండ. గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది, ఊదే వాద్యాల శ్రుతి పైకి జరుగుతుంది. జనవరి రాత్రి 10 డిగ్రీల్లో ఊదిన గొట్టాన్నే మే నెల సాయంత్రం 40 డిగ్రీల్లో ఊదితే, కాగితం లెక్క ప్రకారం దాదాపు అర శ్రుతి ఎక్కుతుంది. మన ఊపిరి వెచ్చదనం ఎప్పుడూ లోపల ఉంటుంది గనక నిజానికి అంత ఉండదు, కాని చెవికి తెలిసేంత ఉంటుంది. కీబోర్డుకు ఎండా లేదు, చలీ లేదు. వేడి మీద కొలిచినోడిది ఒక లెక్క, చల్లారినాక కొలిచినోడిది ఇంకో లెక్క అన్న నాన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరూ ఒకే బండి పక్కన నడవాలి మరి.

సరే, ఈ లెక్కలన్నీ పక్కన పెడదాం. వేళ్ల సంగతి చెప్పి ముగిస్తాను.

భిలాయిలో పెరిగిన తెలుగువాడి నాలుకకు మార్పు కొత్త కాదు. ఇంట్లో అమ్మతో 'ఏటి' అంటాం, ప్లాంటులో 'క్యా' అంటాం, సంతలో కూరలామెతో 'కా' అంటాం. ఎదుటి మొహం చూడగానే నాలుక దానంతటదే శ్రుతి మార్చేసుకుంటుంది. వేళ్లు అలా కాదని మూడు వారాల సాధనలో తెలిసింది. నిదానం పాటలు వచ్చేశాయి. ధ్యాస పెట్టి వాయిస్తే వేగం పాటలూ వచ్చాయి. ధ్యాస తప్పిన క్షణమే వేళ్లు పాత ఇంటికి వెళ్లిపోయేవి. పందిట్లోంచి బూందీ వేగుతున్న వాసన వస్తే చాలు, నాకు తెలియకుండానే స దగ్గర స నొక్కేవాణ్ని. రానివాడు తప్పు వాయిస్తే పక్కవాళ్లు జాగ్రత్త పడతారు. వచ్చినవాడు పాట మధ్యలో ఒక్కసారి తప్పితే బ్యాండు మొత్తం తమదే తప్పేమో అని తడబడుతుంది. ఆ మాఘంలో ఒక వరపూజ దగ్గర అలా మూడుసార్లు జరిగింది. మాస్టారు ఏమీ అనలేదు. అనకపోవడమే ఇబ్బంది.

మా దగ్గర ఒక కుర్రాడున్నాడు. ఊరేగింపులో తలమీద లైటు మోసేవాడు. పదిహేడేళ్లు. విరామంలో నా కొత్త బేసు ఒళ్లో పెట్టుకుని ఊదడం చూశాను. మీటల మీద వాడి వేళ్లు పిచ్చిగా పడుతున్నాయి గాని, ఎక్కడా పాతదారి లేదు. మర్చిపోవాల్సింది వాడికేమీ లేదు. నేను లెక్కలన్నీ వేసి అడగని ప్రశ్న అదే. ఏ శ్రుతి అని అడిగాను గాని ఎవరికి అని అడగలేదు. ఇంగ్లండు బ్రాస్ బ్యాండులో రెండు రెండున్నర బేసులూ రెండు ఆరున్నర బేసులూ పక్కపక్కన కూర్చుంటాయని నేనే ఊరంతా చెప్పి తిరిగాను, ఒక్కటే ఉంచుకోవాలని నాకెవరు చెప్పారు?

పాతదానికి మీటలు మార్పించాను. మీరట్‌లో జలీ కోఠీ అని బ్యాండు వాద్యాల బజారుంది, అక్కణ్నుంచి సామాను తెప్పించి అతుకులు పోయించాం. అమ్మినవాడు సగం సొమ్ము తగ్గించుకోవడానికి ఒప్పుకున్నాడు. కుర్రాడికి ఆరున్నర ఇచ్చాం. మొదటి నెల వాడికి స, ప తప్ప ఇంకేమీ నేర్పలేదు. బేసుకు చాలా పాటల్లో ఆ రెండూ సరిపోతాయి, ఇది బయట చెప్పకండి.

మొన్న వైశాఖంలో సెక్టార్‌లో ఒక తెలుగువాళ్ల పెళ్లి. ఇద్దరం పక్కపక్కనే నడిచాం. గొట్టాలు వెచ్చగా ఉన్నాయి, శ్రుతి కాస్త ఎక్కింది, ఇద్దరిదీ ఒకేలా ఎక్కింది కాబట్టి ఫరవాలేదు. చౌరస్తా దగ్గర మలుపు తిరిగేసరికి వాడు తడబడ్డాడు. చూస్తే, దారి చూడడం మానేసి నా వేళ్లు చూస్తున్నాడు. నేను నొక్కిందే నొక్కుతున్నాడు. నాకు స, వాడికి ప. ఊపిరి తీసుకునే సందులో వాడి చెవి దగ్గరికి వంగి అరిచాను:

'నా వేళ్లు చూడకురా, కాళ్లు చూడు!'